లంకను కొలిచిన తాడు

మా కోర్టు రికార్డు రూములో ఒకసారి ఒక లంక మొత్తం పోయింది. వరదకు పోలేదు. బస్తాలు కట్టుకోవడానికి పోయింది.

ఏ కోర్టో చెప్పను. చెబితే ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్ళు నొచ్చుకుంటారు. చెప్పకపోతే ప్రతి కోర్టువాళ్ళూ ఇది తమ గురించే అనుకుని ఒకసారి అల్మరాలు తెరిచి చూసుకుంటారు. రెండోదే లోకానికి మేలు. నా ఇల్లు వరంగల్ కొత్తవాడలో. అక్కడి నుంచి బస్సులు మారుతూ వెళ్ళి చేసిన ఉద్యోగాలలో అది చివరిది. హోదా రికార్డు సెక్షన్ సూపరింటెండెంటు. తేదీ తప్పు పడినా, కూడిక తప్పినా నాకు ఆ పూట అన్నం సయించదు. నా వెనుక నన్ను ఏమని పిలిచేవారో నాకు తెలుసు. ఆ పేరులో పొరపాటేమీ లేదు గనుక ఎప్పుడూ ఖండించలేదు.

కొత్తగా కోర్టు కొలువులో చేరిన మీకు శిక్షణలో కోర్టుల చరిత్ర అని ఒక పాఠం ఉంటుందట. తెర మీద బాణం గుర్తులతో బొమ్మ వేస్తారట. కింద జాగీరు కచేరి, దాని మీద తాలూకా మున్సిఫు కోర్టు, దాని మీద ఇంకోటి, అన్నిటికన్నా పైన లిఫ్టు ఉన్న కొత్త భవనం. బాణాలన్నీ పైకే చూస్తుంటాయి. చాలా అందమైన బొమ్మ. అందులో ఒక్క లంకకు జరిగిన చరిత్ర మాత్రం నేను చెబుతాను, బాణాలు లేకుండా.

గోదావరి ఒకచోట రెండుగా చీలి మళ్ళీ కలుస్తుంది. మధ్యలో మిగిలినదే ఆ లంక. దాని తల దగ్గర ఏనుగు పడుకున్నట్టు ఒక నల్లబండ ఉంది. అది కదలదు. మిగతాదంతా వరద దయ. ఒక ఏడు గోదారి కొత్త మట్టి తెచ్చి తోక వైపు పోస్తుంది, ఇంకో ఏడు పోసినదంతా ఊడ్చుకుపోతుంది. ఆ మట్టిలో మిరపా మొక్కజొన్నా పుచ్చా పండినట్టు ఒడ్డు మీద ఎక్కడా పండవు. సాగు చేసేది ఒకే వంశానికి చెందిన ఏడు ఇండ్లవాళ్ళు. వరద తీసిన ప్రతిసారీ గట్లు ఉండవు, హద్దులు ఉండవు. మళ్ళీ కొత్తగా పంచుకోవాలి. పంచుకోవాలంటే కొట్టుకోవాలి.

నిజాం కాలంలో ఒక మున్సిఫు సాహెబు ఈ కొట్లాటలు విని విని విసిగి ఒక పద్ధతి పెట్టాడు. గోగునారతో ఒక పొడవాటి తాడు పేనించాడు. బారకొక చోట మా కొత్తవాడలో జంపఖానాలు నేసే ఎర్ర నూలు చుట్టించాడు. రెండు కొసలకూ లక్క ముద్ర వేశాడు. నల్లబండ దగ్గర మొదలుపెట్టి పెద్దవాడి ఇంటి నుంచి వరసగా ఆరు ఇండ్లకూ తలా ఇన్ని తాళ్ళ పొడవు కొలిచి ఇవ్వాలి. ఏడో ఇల్లు, అంటే అందరికన్నా చిన్నవాడిది, తోక. కొలవగా మిగిలినదంతా తోకవాడిది. నది ఇస్తే వాడికే, తింటే వాడిదే. ఇదీ తీర్పు.

తాడు మాత్రం లంక మీద ఉండకూడదు. కోర్టుతో పడవలో రావాలి, కోర్టుతో పడవలో పోవాలి. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. తాడు కొంచెం పొడవైతే ముందున్న ఆరుగురికీ తలా కొంచెం కలిసి వస్తుంది, ఆ కొంచెం కొంచెం అంతా కలిసి ఏడోవాడిని నీళ్ళలో నిలబెడుతుంది.

తాడు ఎన్ని బారలో ఆ తీర్పులో రాయలేదు. "ఈ కోర్టు ముద్ర వేసిన తాడు" అని మాత్రమే ఉంది. అంకె రాయని తీర్పంటే నాకు ఒళ్ళు మంట. కానీ ఆ పెద్దమనిషి ఏమనుకున్నాడో ఊహించగలను. కోర్టు ఉన్నన్నాళ్ళు తాడు ఉండదా అనుకున్నాడు. పాపం, మనల్ని చూడలేదు.

ఏటా దసరా దాటి నీళ్ళు తీయగానే మున్సిఫు, ఆయన కాగితాలు చూసే పేష్కారు, తాడు పడవ ఎక్కి లంకకు వెళ్ళేవాళ్ళు. ఇసుకలో జంపఖానా పరిచి కూర్చుంటే అదే కోర్టు. లంకవాళ్ళు దాన్ని పడవ కచేరి అనేవాళ్ళు. తరువాత రాజ్యం మారింది. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది, కోర్టుకు పక్కా భవనం వచ్చింది. ఆ వెంటనే పడవ ఖర్చు మీద ఆడిట్ అభ్యంతరం కూడా వచ్చింది: రోడ్డు మార్గం ఉండగా పడవ ఎందుకు? లంక చుట్టూ నీళ్ళుంటాయన్న సంగతి నిరూపించే కాగితం ఎవరి దగ్గరా లేకపోవడంతో పడవ కచేరి ఆగిపోయింది. లంకవాళ్ళే వచ్చి తాడు తీసుకెళ్ళి, కొలుచుకుని, తిరిగి ఇచ్చేవాళ్ళు. ఆ తరువాత ఆ తాలూకా కోర్టు ఇంకో కోర్టులో కలిసింది, అది మరోదానిలో కలిసింది. కలిసిన ప్రతిసారీ ఒక ప్రారంభోత్సవం, న్యాయం ప్రజల ముంగిటికి వచ్చిందని ఒక ప్రసంగం. ముంగిలి మాత్రం ప్రతిసారీ లంకకు ఇంకొక బస్సు దూరం జరిగింది. చివరికి ఫైళ్ళతోపాటు ఒక ట్రాక్టరులో, గోనె సంచిలో తాడు మా కోర్టుకు చేరింది.

అప్పటికి లంక మీద ఆ వంశపు పెద్దాయన బతికి ఉన్నాడు. ఆయన మాటే తాడు. ఎవరూ కోర్టు గడప ఎక్కలేదు. అడిగేవాళ్ళు లేని సామానుకు ప్రభుత్వ కార్యాలయంలో ఏమవుతుందో అదే అయింది.

నేను ఆ సెక్షనులో చేరిన తరువాత ఒక పెద్ద వరద వచ్చింది. నీళ్ళు తీసిన కొద్దిరోజులకు రికార్డు రూము గుమ్మం దగ్గర ఒకామె వచ్చి కూర్చుంది. పొట్టి మనిషి. చేతిలో పుచ్చకాయంత సద్దిమూట. ఏడో ఇంటి ఆమె. వంశపు పెద్దాయన పోయాడు, ఆమె మొగుడూ పోయాడు. తోక వాటా ఇప్పుడు ఆమెది.

"మేడం, జర తాడు ఇప్పియ్యుండ్రి."

"ఏం తాడమ్మా?"

"కోర్టు తాడు. మా బావ ఇంకో తాడు తెచ్చి కొలుస్తాండు. గా తాడుతోని కొలిస్తె నా మిరపతోట గోదారిల పడతది."

బావంటే ఆమె మొగుడికి పెద్దన్న, బండ దగ్గరి మొదటి ఇంటివాడు. అతని మీద ఆమె అప్పటికే మా కోర్టులో దావా వేసి ఉంది. నేను కేసు సామాను చూసే గుమస్తాను పిలిచాను. అతను చాలా శ్రద్ధగా పుస్తకం తిప్పి చాలా సంతోషంగా చెప్పాడు. "ఉంది మేడం. సేఫ్ కస్టడీలో ఉంది."

"ఎక్కడ?"

"సేఫ్ కస్టడీలో."

"ఆ సేఫ్ కస్టడీ ఏ గదిలో ఉంటుంది నాయనా?"

అతను సామాను గదిలోకి వెళ్ళి చాలాసేపు శబ్దాలు చేసి, గోనె సంచితో వచ్చాడు. సంచి ఉంది. సంచి మీద చీటీ ఉంది. చీటీ మీద సంతకం ఉంది. లోపల ఎలుకలు కూడా ఖాళీ చేసి పోయాయి.

ఇంతలో ఆమె గుమ్మంలోంచి తల ఎత్తి మా ర్యాకుల వైపు చూస్తోంది. నేల నుంచి కప్పు దాకా కేసుల బస్తాలు.

"అగో," అంది. "గదే గదా మేడం మా తాడు."

మేమంతా ఆమె చూపిన వైపు చూశాం. ర్యాకు నిండా బస్తాలు. గుడ్డ చుట్టి, తాడుతో బిగించి కట్టినవి. ముతక గోగునార తాడు. దుమ్ము కింద అక్కడక్కడా ఎర్ర నూలు.

"గది గూడ. గా మీద ఉన్నది గూడ. గీ మూలకున్నది గూడ." ఆమె వేలు ఒక్కో బస్తా మీదకే పోతోంది. ఆ వేలును ఆపడం మా ఎవరి వల్లా కాలేదు.

మొదటి ముక్క ఎవరు కోశారో నాకు తెలియదు. ఎందుకు కోశారో మాత్రం తెలుసు. బస్తాలు కట్టడానికి దారం కావాలని మేము పైకి రాస్తే, పాత దారం వాపసు పంపితే కొత్తది ఇస్తామని పైనుంచి జవాబు వచ్చేది. పాత దారం విప్పి పంపితే బస్తాలు విడిపోతాయి. విడిపోతే రికార్డు భద్రపరచలేదని మెమో. కనుక ఎవరో బుద్ధిమంతుడు సంచిలో ఊరికే పడి ఉన్న తాడును చూశాడు. చట్టాన్ని కాపాడటానికే కోశాడు పాపం.

మా అటెండరు, నాకన్నా సీనియరు, నిమ్మళంగా అన్నాడు. "నేను చేరంగనే గట్లనే ఉన్నది మేడం. మంచి గట్టి తాడు. ఒక్క బస్తా ఊడలే ఇప్పటిదాంక."

"మెచ్చుకున్నం గానీ మామా, ఇంకెక్కడన్న ఉన్నదా?"

"ఆఫీసుల ఏడ తాడు కనబడితె ఆడ అదే మేడం."

అదే. జెండా కర్రకు అదే. మంచినీళ్ళ కుండ మూతకు అదే. ఊగిపోయే సాక్షుల బోను కాలికి అదే. ఎందరు ఆ బోనులో నిలబడి నిజం చెబుతామని ప్రమాణం చేశారో, వాళ్ళందరినీ నిలబెట్టింది ఆ తాడు ముక్క. ఒక ముక్క అటెండరు సైకిలు క్యారియరు మీద ఉంది. అది ఇవ్వడానికి అతను బాధపడ్డాడు. రోజూ తొర్రూరు వైపు నుంచి పాలు తెచ్చే మనిషి, దానితోనే క్యాను కట్టుకునేవాడు.

మా జడ్జిగారు అప్పుడే కొత్తగా వచ్చిన యువకుడు. మర్యాదస్తుడు. ఆయనకు నేను రాసి ఇచ్చిన నివేదికలో మొదటి వాక్యం ఇది: "సదరు తాడు ఈ కోర్టులోనే ఉన్నది, కానీ ఒకే చోట లేదు." ఆయన చదివి నవ్వారు. రెండో వాక్యంలో ఆమె మిరపతోట సంగతి చదివి నవ్వు ఆపేశారు.

"ఆమె హియరింగ్ ఎప్పుడు మేడం?"

చెప్పాను.

"నాటు వేసే అదును?"

"హియరింగ్ కంటే ముందే సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని హియరింగ్ తేదీని అదునుకంటే ముందుకు తెచ్చారు. ఉద్యోగంలో నేను చూసిన గొప్ప తీర్పులలో అదొకటి. ఎక్కడా ప్రచురించలేదు.

ముక్కలన్నీ విప్పించాం. బస్తాలకు తాత్కాలికంగా ఆడవాళ్ళ పాత చీరల అంచులు కట్టాం. ఆ నెలంతా మా రికార్డు రూము పెళ్ళివారిల్లులా ఉంది. ముక్కలు వరండాలో ఒకదాని కొసకు ఒకటి పెట్టి చూస్తే ఎక్కడో ఒక ముక్క తగ్గిందని ఎర్ర నూలు దూరాలను బట్టి నాకు తెలిసిపోయింది. కొసల ముద్రలు ఎలాగూ రాలిపోయాయి. కోసినప్పుడు పోయిన పీచు ఎంతో దేవుడికి తెలియాలి. ముడి వేసి కలుపుదామని గుమస్తా అన్నాడు. ప్రతి ముడీ జానెడు తాడు తింటుందని, తాడు పొట్టిదైతే ఆమెకు లాభమని, ఎవరి లాభానికీ కోర్టు ముళ్ళు వేయదని చెప్పాను. అతను ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

విచారణ రోజు బావ తన తాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. నిండైన మీసం, మెడలో మేడారం నుంచి తెచ్చుకున్న పసుపు దారం. అతని వకీలు లేచి, ముద్ర లేని ముక్కలు తాడు కాదనీ, కోర్టువారు తమ తాడును తామే పాడుచేసుకున్నారు గనుక తన క్లయింటు తాడే గతి అనీ వాదించాడు. ఎవరి తాడు ఎంతో చూసి రమ్మని జడ్జిగారు ఒక యువ వకీలును కమిషనరుగా లంకకు పంపారు. అతను రెండు రోజుల్లో రెండు రిపోర్టులతో వచ్చాడు. మొదటి రోజు బావ ఇంట్లో చేపల పులుసు తిని రాసిన రిపోర్టులో తాడు సరైనదే. రెండో రోజు ఆమె ఇంట్లో జొన్నరొట్టె తిని రాసిన దానిలో అనుమానాస్పదం. అతను నిజాయితీపరుడే. ఎక్కడ తిన్నది అక్కడే రాశాడు.

జడ్జిగారు రెండు రిపోర్టులూ పక్కన పెట్టి, "నేనే వస్తాను," అన్నారు.

అలా ఎన్నో దశాబ్దాల తరువాత పడవ కచేరి మళ్ళీ కదిలింది. పోలీసులు పంపిన నారింజరంగు లైఫ్ జాకెట్టును నల్లకోటు మీద వేసుకుని జడ్జిగారు పడవ మధ్యలో కూర్చున్నారు. టైపిస్టు ల్యాప్‌టాపును పసిపిల్లలా ఒళ్ళో పొదువుకున్నాడు. నా ఒళ్ళో పాత తాడు ముక్కల సంచి. రెండు పక్షాల వకీళ్ళూ ఒకే చెక్క మీద కూర్చోవలసి వచ్చింది, పడవ ఒరిగినప్పుడల్లా ఒకరినొకరు పట్టుకున్నారు. కోర్టులో వాళ్ళ మధ్య అంత సఖ్యత నేనెప్పుడూ చూడలేదు. పడవవాడు మమ్మల్ని చూసి, "మా తాత చెప్తుండె, జడ్జి సాబు పడవల వస్తడని. ముసలోడు అబద్ధాలాడుతాండనుకున్న," అన్నాడు.

లంక మీద కొత్త మట్టి ఇంకా తడిగా ఉంది. నల్లబండ దగ్గర ఒక నవారు మంచం వేశారు. జడ్జిగారు కూర్చున్నారు. ఏడు ఇండ్లవాళ్ళూ చుట్టూ నిలబడ్డారు. ఆమె మాత్రం ఒక్కతే, అందరికన్నా దూరంగా, తోక వైపు.

"తాడు చూపించండి," అన్నారు జడ్జిగారు.

బావ చుట్ట విప్పి ఇసుకలో పరిచాడు. "ఇగో సారు. కోర్టు తాడంతనే. మా నాయిన చూసి పేనిండు."

ఆమె దగ్గరికి వచ్చింది. "అంతనే ఉన్నదా బావా?"

"అంతనే. ఇంచు ఎక్కువ లేదు, ఇంచు తక్కువ లేదు."

"మల్ల సారు ముంగట మాట మారవు గదా?"

"నేనెందుకు మారుత? నాకేం భయం?"

ఆమె జడ్జిగారి వైపు తిరిగింది. "అయితె గా తాడుతోనే కొలువుండ్రి సారు. నాకేం ఫికర్ లేదు."

ఆమె వకీలు కంగారుగా చేయి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఆగు. తొందరపడకు."

"నువ్వాగు బిడ్డా. సారూ, గానీ ఒక్కటి. తాడు తెచ్చినోళ్ళే తోకకాడ నిలవడాలె. ఈ పంటకు బావ నా జాగల ఉంటడు, నేను బావ జాగల బండకాడ ఉంట. అంతనే ఉన్నదంటాండు గదా, ఆయినకేం నష్టం?"

 వెనుక ఎవరో కిసుక్కుమన్నారు.

బావ వకీలు లేచాడు. "సార్, డిక్రీలో అలా వాటాలు మార్చుకోవచ్చని ఎక్కడా లేదు."

"తాడును కోసి బస్తాలు కట్టమని కూడా డిక్రీలో లేదు," అన్నారు జడ్జిగారు. నేను సంచి వైపు చూసుకున్నాను. "మీ క్లయింటును చెప్పనివ్వండి. ఏమంటారు? మీ తాడుతో కొలిచి, మీరు తోక దగ్గర ఉంటారా?"

బావ తాడు వైపు చూశాడు. తోక వైపు చూశాడు. అక్కడ నీళ్ళు కనిపిస్తున్నాయి.

"తాడు మొన్న నీళ్ళల్ల పడ్డది సారు," అన్నాడు నెమ్మదిగా. "నాని, జర సాగింది."

"నానితె ముడుసుకుంటది గదనే కాకా!" వెనుక నుంచి ఒక కుర్ర గొంతు.

"నువ్వు ముయ్యిరా. తర్వాత ఎండల ఏసిన. ఎండకు సాగింది." అతను నడుముకున్న కొడవలి తీశాడు. "సాగినంత కోస్త. ఇగో, గింత." తాడు మడిచి ఒకచోట కొడవలి ఆనించాడు.

"మంచిది బావా. కోసి తోకకాడికి నడువు," అంది ఆమె.

కొడవలి ఇంకొంచెం లోపలికి జరిగింది. ఆమె చీర కొంగు సర్దుకుని బండ వైపు రెండడుగులు వేసింది. కొడవలి ఇంకొంచెం లోపలికి జరిగింది. తోక తన సొంతం అవుతున్న కొద్దీ అతనికి తాడు సాగిన సంగతి ఇంకా ఇంకా గుర్తుకొస్తోంది.

అప్పుడు మధ్య ఇండ్లవాళ్ళకు మెలకువ వచ్చింది. తాడు పొట్టిదైతే తగ్గేది వాళ్ళ వాటాలు. "అన్నా, ఆగే! గంత కోస్తె మేమేం తినాలె?" "నీ తోక సల్లగుండ, మా మీదికి వస్తానవేందే?" ఐదు ఇండ్లవాళ్ళు ఒకేసారి మీద పడ్డారు. కొడవలి వెనక్కి జరిగింది. ఆమె ఆగి తిరిగి చూసింది. కొడవలి ముందుకు వచ్చింది. లొల్లి లేచింది. కొడవలి వెనక్కి పోయింది. ఇలా కొంతసేపు కొడవలి తాడు మీద పచార్లు చేసింది. వకీళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. టైపిస్టు ఏం కొట్టాలో తెలియక వేళ్ళు గాలిలో పెట్టుకుని కూర్చున్నాడు.

చివరికి కొడవలి ఒకచోట ఆగితే ఏ వైపు నుంచీ గొంతు లేవలేదు. అందరూ సమానంగా అసంతృప్తిగా ఉన్నారు. నా అనుభవంలో న్యాయానికి ఉండే ముఖం అదే.

"కోయండి," అన్నారు జడ్జిగారు.

కోశాడు. ఆమె వచ్చి తాడు కొస అందుకుంది. "ఇప్పుడు సరే సారు. ఇగ నీ జాగ నీకే బావా, నా జాగ నాకే. తాడు మాత్రం ఇదే."

బావకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మధ్య ఇండ్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం పోయింది? అతను కొడవలి నడుముకు దోపుకుంటూ, "మరదలా, నువ్వు వకీలు సదవవల్సింది," అన్నాడు.

"నేను సదివితె గీ తాడు ఇంక ముక్కలయ్యేది బావా."

అక్కడ ఉన్న నల్లకోట్లలో ఎవరూ దానికి అభ్యంతరం చెప్పలేదు.

బండ నుంచి కొలిచారు. ఆరు వాటాలూ అయ్యాక తోక దగ్గర పొడి నేల మిగిలింది. మిరపకు సరిపడా, ఎద్దులు మళ్ళడానికి సరిపడా. ఆమె ఆ చివర నిలబడి కాళ్ళకింద మట్టిని రెండుసార్లు తొక్కి చూసుకుంది.

తీర్పు బాగా వచ్చింది. "ఈ కోర్టు స్వయంగా స్థల పరిశీలన జరిపి, ఉభయ పక్షాల వాదనలను లోతుగా పరిశీలించి, న్యాయబద్ధమైన పద్ధతిని రూపొందించి" అని మొదలవుతుంది. ఆమె మాట ఎక్కడా లేదు. కొడవలి అసలే లేదు. జడ్జిగారిని తప్పుపట్టను. కొడవలిని ఏ సెక్షను కింద రాయాలో చట్టం చెప్పదు. బావ కోసిన ఆ కొత్త తాడు కొసలకు లక్క ముద్ర వేశాం. లక్క మాత్రం స్టాకులో నిండుగా ఉంది. బస్తాలు కట్టడానికి పనికిరాదు గదా.

ఆఫీసుకు వచ్చాక, నా స్వభావం ఊరుకోదు గనుక, పాత ముక్కలను వరండాలో మళ్ళీ వరసగా పరిచి, పక్కన కొత్త తాడు పరిచాను. తగ్గిన ముక్క ఎంత ఉండవచ్చో ఎర్ర నూలు లెక్కన వేసుకున్నాను. రెంటికీ తేడా ఎంత వచ్చిందో నాకు తెలుసు. ఎవరికి కలిసి వచ్చిందో కూడా తెలుసు. చెప్పను. నేను దాచుకున్న అంకె నా మొత్తం సర్వీసులో అదొక్కటే. అది బయటికి వస్తే ఆ ఏడు ఇండ్లలో ఏదో ఒకటి మళ్ళీ దావా వేస్తుంది. అప్పుడు తాడు మళ్ళీ కోర్టు సామాను అవుతుంది. దాని సంగతి మనకు తెలిసిందే.

తగ్గిన ఆ ముక్క తరువాత దొరికింది. మేము వెతకడానికి రాసుకున్న కాగితాల కట్టకే అది కట్టి ఉంది.

ఆమె కొత్త తాడు సంగతి వదిలిపెట్టలేదు. మరుసటి ఏడు వరదలు రాకముందే వచ్చింది.

"తాడు జర బయటికి తియ్యుండ్రి మేడం."

"ఇప్పుడెందుకమ్మా? వరద రాలేదు, కొలత లేదు."

"ఉన్నదా లేదా సూసుకోవద్దా?"

తీయించాను. వరండాలో చెప్పులు విడిచి, తాడు ఒక కొస ఎడమచేత పట్టుకుని, కుడిచేయి చాచి, ముక్కు మీదుగా బార తరువాత బార లాగుతూ మొత్తం కొలిచింది. పెదవులు కదిలాయి. వకీళ్ళు, ముద్దాయిలు, పోలీసులు దారి ఇచ్చి నిలబడ్డారు. చివరి కొస దగ్గర ముద్ర బొటనవేలితో తడిమి చూసింది. చుట్ట చుట్టి నా చేతికి ఇచ్చింది.

"సరిగున్నది," అంది. అంతే, బస్సుకు వెళ్ళిపోయింది.

నేను రిటైరైన రోజు శాలువా కప్పారు, నా నిబద్ధత గురించి మాట్లాడారు. మాట్లాడినవాళ్ళలో నన్ను వెనుక పిలిచే ఆ పేరు పెట్టినవాడు కూడా ఉన్నాడు. నేను ఛార్జి అప్పగించేటప్పుడు నా తరువాత వచ్చినవాడితో తాడు పొడవు కొలిపించి సంతకం తీసుకున్నాను. అతను లోపల నవ్వుకున్నాడు. నవ్వుకోనివ్వండి.

మొన్న పింఛను కాగితం పని మీద ఆ కోర్టుకు వెళ్ళాను. ఇప్పుడు కొత్త భవనం, లిఫ్టు ఉంది, పనిచేయడం లేదు. వరండా గోడ మీద బాణం గుర్తులతో న్యాయస్థానాల పరిణామం అని పెద్ద పలక వేలాడదీశారు. లంక అందులో లేదు. పలక కింద జనం దారి ఇచ్చి నిలబడి ఉన్నారు. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. చెప్పులు పక్కన పెట్టి, కుడిచేయి చాచి, బారలు లాగుతోంది. తాడు కొస పట్టుకుని నిలబడ్డ కొత్త సూపరింటెండెంటు చెమటలు తుడుచుకుంటున్నాడు.

న్యాయస్థానం మీద మాకు సంపూర్ణ విశ్వాసం ఉందని చెప్పిన కక్షిదారులను నా ఉద్యోగంలో లెక్కలేనంతమందిని చూశాను. ఏటా వచ్చి కొలుచుకుని మరీ నమ్మినది ఆమె ఒక్కతే. పని అయ్యాక నన్ను చూసి గుర్తుపట్టింది.

"మంచిగున్నరా మేడం?"

"ఉన్నాను. తాడు ఎట్లుంది?"

"ఉన్నది," అంది. "ఈ ఏటికైతె ఉన్నది."